పాటలు ఎక్కించే ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. మాది కోనసీమలో రాజోలు దగ్గర ఒక ఊరు. పాలిటెక్నిక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. సాయంత్రాలు, ఆదివారాలు మా సెంటర్లోని సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాను. రీఛార్జిలు, చిన్న చిన్న రిపేర్లతో పాటు మెమరీ కార్డుల్లో, పెన్‌డ్రైవుల్లో పాటలు ఎక్కించడం కూడా నా పనే. షాపు కంప్యూటర్లో వేల పాటలున్నాయి. కొత్త సినిమా పాటలు రాగానే వెబ్‌సైట్లలోంచి నేనే దించుతాను. కార్డు సైజును బట్టి డబ్బు తీసుకుంటాం. ఇంటర్ చదివే మా చెల్లి కాలేజీలో ఎవరో కాపీరైట్ గురించి చెప్పగా విని వచ్చి, "అన్నయ్యా, నువ్వు చేసేది దొంగతనం" అంది. నాన్నేమో "పాటను ఎవరు దొంగిలిస్తారమ్మా, రేడియోలో ఊరికే వినేవాళ్ళం కదా" అన్నారు. షాపు యజమాని "ఇన్నేళ్ళలో ఎవరూ వచ్చి అడగలేదు" అంటారు. నా స్నేహితులందరూ ఊరికే దించుకునేవాళ్ళే. "వాళ్ళు కోట్లు సంపాదించారు, మనవల్ల ఏం పోతుంది" అంటారు. నేను వినడానికి దించుకోవడం కూడా నేరమేనా? షాపులో చేసినదానికి బాధ్యత నాదా, యజమానిదా? పాత పాటలకూ ఇదే వర్తిస్తుందా? పెళ్ళిళ్ళలో పాటలు పెట్టేవాళ్ళు మా దగ్గరే పెన్‌డ్రైవులు నింపుకుంటారు, అదీ తప్పేనా? ఈ జీతంతోనే నా బస్సు ఖర్చులు, పరీక్ష ఫీజులు గడుస్తున్నాయి. మానేయమంటారా?

— ఒక విద్యార్థి, రాజోలు ప్రాంతం

జవాబు: తమ్ముడూ, ఉద్యోగం మానేయనక్కర్లేదు. అందులో ఆ ఒక్క పని మానేయాలి, అదీ వెంటనే. నువ్వు అడిగినవాటిలో అన్నిటికంటే బరువైనది షాపు సంగతి కాబట్టి ముందు దాని గురించి చెబుతాను. నువ్వు ఇంట్లో వినే పాటల సంగతి తర్వాత.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 63వ సెక్షన్ ప్రకారం, పాట మీద వేరొకరికి హక్కుందని తెలిసి కూడా ఆ హక్కును ఉల్లంఘించినవారికి, అందుకు తోడ్పడినవారికి 6 నెలల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే, తగిన కారణాలు రాసి శిక్షను ఇంతకంటే తగ్గించే వీలు న్యాయమూర్తికి ఉంది. కార్డుకు ఇంత అని రేటు పెట్టి డబ్బు తీసుకునే షాపు ఆ వీలు కోసం చూడకూడదు. రెండోసారి శిక్ష పడితే కనీసం ఒక సంవత్సరం జైలు, లక్ష రూపాయల జరిమానా. ఈ నేరానికి వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చని, బెయిలు హక్కుగా దొరకదని 2022 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అక్రమంగా తయారైన కాపీలను సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి వచ్చి స్వాధీనం చేసుకోవచ్చు.

"బాధ్యత నాదా, యజమానిదా" అన్నావు. ఇద్దరిదీ. షాపు ఆయనది, లాభం ఆయనది, కాబట్టి మొదటి బాధ్యత ఆయనదే. కానీ వెబ్‌సైటు తెరిచి పాట దించేది నువ్వు, కార్డులోకి ఎక్కించేది నువ్వు. యజమాని చెప్పాడు కాబట్టి చేశానన్న మాట కోర్టులో ఎంతవరకు నిలుస్తుందో చూసుకునే పరిస్థితి నీకు రాకూడదు. తెలియక చేశానని చెప్పడానికీ లేదు, ఈ ఉత్తరం రాశావంటేనే నీకు తెలుసు.

"ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు" అన్న మాట నిజమే కావచ్చు. రేపు పోలీసులు వస్తారని నిన్ను భయపెట్టను. అయితే ఒకసారి ఆలోచించు. కేసంటూ నమోదైతే ఆయన షాపు నాలుగు రోజులు మూతపడి మళ్ళీ తెరుచుకుంటుంది. నీకు డిప్లొమా చేతికి వచ్చే ఏడాది ఇది. ప్రభుత్వ ఉద్యోగానికైనా, పాస్‌పోర్టుకైనా పోలీసు విచారణ ఉంటుంది. గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళు ఇంటింటికీ ఉన్న కోనసీమలో ఆ విచారణ అంటే ఏమిటో నేను నీకు చెప్పనక్కర్లేదు. ఆ పనివల్ల షాపుకు వచ్చే లాభం చాలా చిన్నది. నీకు వచ్చే నష్టం మాత్రం ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.

ఇక నువ్వు వినడానికి దించుకునే పాటలు. చట్టంలోని 52వ సెక్షన్ సొంత వాడకానికి కొంత వెసులుబాటు ఇచ్చింది. దాన్ని పట్టుకుని, దొంగ సైటులోంచి దించుకున్నా నేను ఒక్కడినే వింటున్నాను కదా అని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదనను నమ్ముకోవద్దు. ఆ వెసులుబాటు న్యాయమైన వాడకానికే. హక్కుదారుకు తెలియకుండా పెట్టిన సైటు దానివల్ల సక్రమమైపోదు. పైగా పాట నీ ఫోనులోనే ఆగడం లేదు కదా. స్నేహితుల గ్రూపులో పెట్టిన క్షణం నుంచీ అది సొంత వాడకం కాదు, పంపిణీ. యూట్యూబ్ లింకు ఇస్తే ఎంపీత్రీగా మార్చి ఇచ్చే సైట్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. యూట్యూబ్‌లో ఉన్నదే కదా అని చాలామంది అది సక్రమమే అనుకుంటారు. అక్కడ వినడానికి అనుమతి ఉంది. వాళ్ళ యాప్ ఇచ్చే సదుపాయంతో తప్ప బయటకు దించుకోవడానికి అనుమతి లేదు.

నీ స్నేహితులు చేసే పొరపాటు ఇంకొకటుంది. డబ్బు కట్టి వింటే సక్రమం, ఊరికే వింటే అక్రమం అని వాళ్ళ లెక్క. అది కాదు. ఊరికే వినడానికి సక్రమమైన దారులు ఇప్పుడు బోలెడున్నాయి. జియోసావన్, స్పాటిఫై, యూట్యూబ్ అన్నీ ప్రకటనలు భరిస్తే ఉచితంగా వినిపిస్తాయి. ఆకాశవాణి ప్రసారాలు రేడియోలోనే కాక న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లోనూ వస్తాయి. చూడవలసింది ఒక్కటే. ఆ పాటను అక్కడ పెట్టినవాడికి పెట్టే హక్కుందా? ఆడియో కంపెనీ సొంత చానల్లో ఉంటే ఉంది. ప్రతి నెలా పేరు చివర అక్షరం మార్చుకుంటూ తిరిగే సైటుకు లేదు.

నాన్నగారు చెప్పిన రేడియో మాటకూ ఇదే జవాబు, ఆయనకు గౌరవంగా చెప్పు. రేడియోలో మనం డబ్బు కట్టలేదు, నిజమే. కానీ సినిమా పాట వేసినందుకు రేడియో కేంద్రం హక్కుదారులకు చెల్లిస్తుంది. మన వరకు ఉచితంగా చేరిందంటే మధ్యలో ఎవరో మన తరఫున కట్టారని అర్థం. దొంగ సైటులో ఆ మధ్యలో కట్టేవాడే లేడు. అక్కడ కనిపించే ప్రకటనల డబ్బంతా సైటు నడిపేవాడి జేబులోకి పోతుంది.

"వాళ్ళు కోట్లు సంపాదించారు" అన్న మాట దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఆ "వాళ్ళు" ఎవరు? పోస్టరు మీద బొమ్మ ఉన్న హీరోనే కదా మీ మనసులో ఉన్నది. పాట హక్కుల్లో ఆయన వాటా కోసం ఎవరూ కొట్లాడలేదు. కొట్లాడింది రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు. ఒకప్పుడు పాట రాసినవారికి ఒక మొత్తం ఇచ్చి హక్కులన్నీ రాయించుకునేవారు. ఆ పాట తర్వాత నలభై ఏళ్ళు ఊరూరా మోగినా రాసినవారి ఇంటికి పైసా వచ్చేది కాదు. 2012లో చట్టాన్ని సవరించారు. గీత రచయిత, సంగీత దర్శకుడు తమకు రావలసిన రాయల్టీ వాటాను, అంటే పాట వాడుకున్నందుకు వచ్చే డబ్బులో తమ భాగాన్ని, వదులుకుంటున్నట్టు ఎవరికీ రాసి ఇవ్వడానికి వీల్లేకుండా చేశారు. తమ తరఫున వసూలు చేసే కాపీరైట్ సంఘానికి, లేదా వారసులకు మాత్రమే ఇవ్వగలరు. అలా వసూలు చేసి పంచడానికి 1969లో పుట్టిన ఐపీఆర్ఎస్ అనే సంఘం ఉంది. అంటే నువ్వు యాప్‌లో ఒక పాట విన్నప్పుడు, చాలా చిన్న మొత్తమే అయినా, రాసినవారికి చేరే దారి ఒకటి ఇప్పుడు ఉంది. ఆ మొత్తం మరీ చిన్నదని కళాకారులు అడగడం న్యాయమే, నేను వాళ్ళ పక్షమే. కానీ నీ షాపు కార్డులోంచి వారికి వచ్చేది ఆ చిన్న మొత్తం కూడా కాదు, సున్నా.

ఆ రాసేవాళ్ళు, బాణీలు కట్టేవాళ్ళు ఎక్కడో ఉండేవాళ్ళు కారు. 2023లో ఆస్కార్ అందుకున్న కీరవాణి గారు పుట్టింది గోదావరి గట్టునున్న కొవ్వూరులో. పాటల రచయిత అనంత శ్రీరామ్ గారిది మీకు గోదావరి పాయ వశిష్ఠకు అవతల, పశ్చిమ గోదావరి జిల్లాలోని దొడ్డిపట్ల. పేరు తెచ్చుకున్నవాళ్ళను పక్కన పెడదాం, వాళ్ళు ఎలాగోలా నిలబడతారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకా పేరు రానివాళ్ళ సంగతి. పాలకొల్లులోనో, ముమ్మిడివరంలోనో ఒక అమ్మాయి తన సొంత డబ్బుతో సంక్రాంతి పాట ఒకటి రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టిందనుకో. పాట బాగుంది, ఊళ్ళన్నీ పాడుకుంటున్నాయి. షాపులవాళ్ళు దించి కార్డుల్లో ఎక్కించేశారు. ట్రాక్టర్లలో, ఆటోల్లో, తీర్థాల్లో మోగుతూనే ఉంది. ఆమె చానల్లో మాత్రం విన్నవాళ్ళ సంఖ్య కదలదు. రెండో పాటకు డబ్బు పెట్టేవాడు మొదట అడిగేది ఆ సంఖ్యనే. ఊరంతా విన్నారండీ అని ఆమె చెబితే ఎవరు నమ్ముతారు? ఆమెకు పోయింది పది రూపాయలు కాదు, రెండో పాట.

మీ చెల్లి వాడిన మాట సంగతీ చెబుతాను. కాపీ చేసిన తర్వాత కూడా పాట హక్కుదారు దగ్గరే ఉంటుంది కాబట్టి చట్టం దీన్ని దొంగతనం కేసుగా చూడదు, దీనికి వేరే సెక్షన్లున్నాయి. అలాగని చెల్లిని వాదించి గెలవాలని చూడకు. పక్కవాళ్ళ తోటలో కాయలు దింపి మన కొట్లో పెట్టి అమ్మితే కొనడానికి వచ్చినవాళ్ళ అవసరం నిజమే అయినా అమ్మకం తప్పే కదా. అమ్మాయి చూసింది ఆ తప్పునే.

కొనేవాళ్ళ అవసరం నిజమని ఊరికే అనలేదు. మీ షాపుకు ఎవరెవరు వస్తారో ఊహించగలను. రాత్రంతా రొయ్యల చెరువు గట్టున కాపలా ఉండే మనిషి, దమ్ము చేసే ట్రాక్టరు డ్రైవరు, పంటు ఎక్కి ఏరు దాటి వచ్చే లంక ఊళ్ళ జనం, కీప్యాడ్ ఫోను తప్ప ఇంకేదీ వాడని పెద్దాయన. సిగ్నలు సరిగా అందని చోట, పెన్‌డ్రైవు తప్ప ఇంకేమీ పెట్టలేని స్పీకరులో, యాప్‌లో దించుకున్న పాట పనికిరాదు. ఎందుకంటే ఆ పాట ఆ యాప్‌లోనే ఉంటుంది, కార్డులోకి రాదు. సాధారణంగా చందా కట్టిన వాళ్ళకే దించుకునే వీలుంటుంది. స్పాటిఫైలో అయితే 30 రోజులకు ఒకసారైనా ఫోను ఇంటర్నెట్‌కు కలవకపోతే దించినవి పనిచేయవు. పాటల వ్యాపారమంతా స్మార్ట్‌ఫోనున్న వాళ్ళ చుట్టూ కట్టుకున్నారు, ఈ మనుషులను మరిచిపోయారు. దీనికి కంపెనీలను తప్పుపట్టవలసిందే. మీ షాపులాంటివి ఊరూరా బతికింది ఆ ఖాళీలోనే.

అయితే ఆ ఖాళీని సక్రమంగా నింపే పని కూడా మీ షాపుకే సాధ్యం. యజమానితో మాట్లాడేటప్పుడు ఉత్త చేతులతో వెళ్ళకుండా ఈ పనులు ముందు పెట్టు. స్మార్ట్‌ఫోను ఉండీ వాడటం రానివాళ్ళు సగం మంది ఉంటారు. వాళ్ళకు యాప్ వేసి, ఖాతా తెరిచి, షాపు వైఫైలో వాళ్ళ చందా మీద వాళ్ళకు నచ్చిన పాటలు దించి, బ్లూటూత్ స్పీకరుకు కలిపి ఇవ్వండి. అందుకు డబ్బు తీసుకోండి. అది మీ శ్రమకు తీసుకునే డబ్బు, పాటకు కాదు. కీప్యాడే కావాలనే వారికి 2023లో వచ్చిన జియో భారత్ ఫోన్లలో జియోసావన్ ఉంటుంది. పాత పాటలు కోరే పెద్దవాళ్ళకు సరిగమ కంపెనీ 2017లో తెచ్చిన కారవాన్‌లాంటి పాటల పెట్టెలు, అంటే హక్కులతో సహా పాటలు నింపి అమ్మేవి, తెలుగు పాటలున్నవి చూసి తెప్పించవచ్చు. ఫైలుగానే కావాలంటే యాపిల్ కంపెనీ ఐట్యూన్స్ స్టోర్‌లో ఒక్కొక్క పాటా కొనుక్కోవచ్చు. కొన్న పాటకు తాళాలుండవు, కొన్నవారు తమ పెన్‌డ్రైవులో వేసుకోవచ్చు. చెరువు గట్టు మనిషికి మంచి ఎఫ్ఎం రేడియో అమ్మినా తక్కువేమీ కాదు. ఇవన్నీ కలిపినా మూడు వేల పాటల కార్డుకు సాటి కావని నాకు తెలుసు. కొందరు పక్క షాపుకు పోతారు. పోనివ్వండి.

పాత పాటల లెక్క కొంచెం చిక్కుగా ఉంటుంది, ఓపికగా చదువు. ఒక పాటలో వేర్వేరు హక్కులుంటాయి. రికార్డుకు, విడుదలైన తర్వాతి ఏడాది మొదలుకొని 60 ఏళ్ళు. సాహిత్యానికి, బాణీకి, రాసినవారు, కట్టినవారు జీవించినంత కాలం, ఆ పైన 60 ఏళ్ళు. 1960లో విడుదలైన రికార్డుకు 2020తో గడువు తీరిపోయింది. కానీ ఆ పాట పింగళి నాగేంద్రరావు గారు రాసినదైతే, ఆయన 1971లో పోయారు కాబట్టి ఆ మాటల మీద హక్కు 2031 చివరి వరకు ఉంటుంది. అందుకని ఘంటసాల గారి పాటలు పాతవే కదా, ఎక్కించవచ్చు కదా అనుకోవద్దు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. ఆయన కీర్తన ఎవరైనా పాడుకోవచ్చు, రికార్డు చేసుకోవచ్చు. మీ చెల్లి పాడి కార్డులో వేసి ఊరంతా పంచినా అడిగేవారుండరు. అదే కీర్తనను ఈమధ్య ఒక విద్వాంసుడు పాడిన రికార్డు మాత్రం పంచకూడదు. గొబ్బి పాటలు, పడవ పాటలు కూడా ఇంతే. పాట జనానిది, ఒకరు కష్టపడి చేసిన రికార్డు వారిది.

పెళ్ళి సంగతిలో నీకు కొంత ఊరట ఉంది. మతపరమైన కార్యక్రమాల్లో పాటలు పెట్టడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్‌లోనే ఉంది. అందులో పెళ్ళి ఊరేగింపును, పెళ్ళికి సంబంధించిన ఇతర వేడుకలను కూడా చేర్చారు. పెళ్ళిళ్ళలో పాటలకు రుసుములు అడుగుతున్నారన్న ఫిర్యాదులు రావడంతో 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం ఈ విషయాన్ని మళ్ళీ స్పష్టం చేసింది. కాబట్టి పెళ్ళి పందిట్లో పాట పెట్టినవాళ్ళది తప్పు కాదు. వాళ్ళకు డబ్బు తీసుకుని పెన్‌డ్రైవు నింపి ఇచ్చిన షాపుకు మాత్రం ఈ రక్షణ వర్తించదు. వినిపించడం వేరు, కాపీలు చేసి అమ్మడం వేరు.

ఇంకొక మాట, ఇది చట్టంతో సంబంధం లేనిది. ఆ సైట్లలో పాటతో పాటు ఏదో యాప్ వేసుకోమని అడుగుతుంది చూడు, అది మెసేజీలు చదివే అనుమతి తీసుకుంటే బ్యాంకు ఓటీపీలు దాని చేతికి చిక్కుతాయి. షాపు కంప్యూటర్‌కు పట్టిన వైరస్ కార్డుల మీదుగా ఎంతమంది ఇళ్ళకు వెళుతుందో ఆలోచించు. నీ ఫోనులో అలాంటి యాప్ ఉంటే ఈ రోజే తీసేయి. డబ్బు పోయిందని ఎవరైనా వస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయించు.

నీ ఫోనులో ఇప్పటికే ఉన్న పాటలు? నువ్వు నిజంగా వినేవి అందులో కొన్నే ఉంటాయి. అవన్నీ ఏదో ఒక యాప్‌లో దొరుకుతాయి, అక్కడ ఒక జాబితాగా పెట్టుకో. మిగతావి తీసేయి. చేతిలో డబ్బు లేకపోతే ప్రకటనలతో విను, అందులో చిన్నతనం ఏమీ లేదు. విద్యార్థులకు తక్కువ ధరకు ఇచ్చే చందాలు కూడా ఉన్నాయి, నీ కాలేజీ గుర్తింపుతో దొరుకుతుందేమో చూడు.

యజమానితో మాట్లాడేటప్పుడు షాపులో జనం లేని వేళ చూసుకో. పెద్దవాడు, నీకు పని ఇచ్చినవాడు. ఆయనను నేరస్థుడిలా నిలబెట్టి మాట్లాడకు. "రీఛార్జిలూ రిపేర్లూ ఇంకా ఎక్కువ చేస్తానండీ, పాటలు ఎక్కించడం మాత్రం నావల్ల కాదు, రేపు మీకైనా నాకైనా ఇబ్బంది" అని చెప్పు. పైన చెప్పిన పనుల్లో రెండు ముందుగా నువ్వే చేసి చూపిస్తే ఇంకా మంచిది. ఆయన ఒప్పుకుంటే ఆ కంప్యూటర్లోని పాటల ఫోల్డరు తీసేయించు, అది ఉన్నంత కాలం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఒప్పుకోకపోతే ఆ నెల జీతం తీసుకుని బయటకు వచ్చేయి. రిపేరు చేతనైన కుర్రవాడికి రాజోలులో కాకపోతే మలికిపురంలో, అమలాపురంలో పని దొరుకుతుంది. పరీక్ష ఫీజు కట్టవలసిన నెల మధ్యలోనే పడితే ఆ మాట నాన్నగారితో ముందే చెప్పు. ఎందుకు మానేశావో తెలిస్తే ఆయన కోప్పడరనే నా నమ్మకం. ఆయన కూడా వినేలా ఈ జవాబును చెల్లి చేత పైకి చదివించు.